మాతృధర్మము: దేవునిగూర్చి పిల్ల లడిగెడి ప్రశ్నలు



పిల్లల ప్రశ్నలకు వేళాపాళా లేదు. పాలు పొంగుచుండగా నొకటి, బడిబండి వీథి మలుపు తిరుగుచుండగా నొకటి, చుట్టములు నట్టింట కూర్చున్నప్పుడు మఱియొకటి వచ్చి పడుచుండును. చీమలనుగూర్చియు, చందమామనుగూర్చియు అడిగినవానికి మన మేదో యొకటి చెప్పి గట్టెక్కుదుము. కాని "అమ్మా, దేవుణ్ణి ఎవరు చేశారు?" అని నాలుగేండ్ల పాప యడిగిననాడు చేతిలోని గరిట చేతిలోనే నిలిచిపోవును. "తప్పు, అలా అడగకూడదు, కళ్ళు పోతాయి" అని యొక యిల్లాలు కసరును. "నాన్న నడుగు, పో" అని మఱియొకతె తప్పించుకొనును. వేఱొకతె బిస్కత్తో, ఫోనో చేతికిచ్చి ప్రశ్ననే మఱపించును. ఈ మూడును మన యిండ్లలో నిత్యము జరుగుచున్నవే. ఈ నెల యీ విషయమునే విచారింప దలచితిమి.

మా యభిప్రాయము ముందుగనే చెప్పుచున్నాము. దైవమునుగూర్చి మనము పిల్లలతో చెప్పెడి మాటలు మూడు తరగతులుగా నుండును. మనకు తెలిసినది యొకటి, మనము నమ్మునది యొకటి, మనకు తెలియనిది యొకటి. ఈ మూటిని కలగాపులగము చేయక వేఱువేఱుగా చెప్పగల తల్లికి ఏ ప్రశ్నయు భయంకరము కాదు. వీనిని కలిపివేసిన తల్లి యెంత భక్తురాలైనను, ఎంత చదువుకొన్నదైనను, ఏదో యొకనాడు బిడ్డయెదుట మాట పోగొట్టుకొనును. పోవునది దేవునిమీది నమ్మకమే యనుకొనరాదు. ముందు పోవునది అమ్మమీది నమ్మకము.

పిల్ల లెందు కడుగుదురు?

జెనీవా నగరమున పియాజే యను మనశ్శాస్త్రవేత్త పసిపిల్లలకు లోక మెట్లు కనబడునో పరిశీలించి 1926లో నొక గ్రంథమును ప్రకటించెను. సూర్యు డెట్లు వచ్చెను, సరస్సు లెట్లు వచ్చెను, మేఘములకు ప్రాణ మున్నదా యని యాయన పిల్లల నడిగి, వారి మాటలను వ్రాసికొనెను. తమ యూరి సరస్సునుగూడ మనుష్యులే త్రవ్వి నీరు నింపిరని చిన్నపిల్లలు భావించుటయు, కదలు వస్తువున కెల్ల ప్రాణమున్నదని తలచుటయు ఆయన గమనించెను. కుమ్మరి కుండ చేయుట, అమ్మ లడ్డు చేయుట కన్నులార చూచిన పిల్లకు, ఉన్న ప్రతి వస్తువును ఎవరో యొకరు చేసియుండవలెను. కనుక "దేవుణ్ణి ఎవరు చేశారు?" అను మాట ధిక్కారము కాదు, నాస్తికత్వము కాదు. పిల్ల తనకున్న తర్కమును చివరిదాక తీసికొనిపోయినది, అంతే.

ఆ నగరముననే బొవే యను పండితుడు మఱియొక సంగతి చెప్పెను. పసిబిడ్డకు మొదటి దైవము తల్లిదండ్రులే. వారికి తెలియనిది లేదనియు, వారు చేయలేనిది లేదనియు బిడ్డ నమ్మును. కొంత వయసు వచ్చి, వారికిని తెలియనివి గలవని కనుగొన్న పిమ్మట ఆ సర్వజ్ఞత్వమును పైనున్న దేవునికి మార్చుకొనును. ఇది గమనించిన తల్లికి ఒక బాధ్యత తెలియవచ్చును. "తెలియదు" అని నిజము చెప్పి మన సర్వజ్ఞత్వమును మెల్లగా దించుకొన్నచో బిడ్డకు నొప్పి యుండదు. అబద్ధము బయటపడి ఒక్కసారిగా కూలినచో నొప్పి చాల యుండును.

ప్రశ్న వేయుట పాపమని మన పెద్దలు తలచిరా? కఠోపనిషత్తులోని నచికేతుడు బాలుడే. తండ్రి యాగము చేసి, పాలు వట్టిపోయిన ముసలి గోవులను దానమిచ్చుచుండగా చూచి, యాతనికి మనసు కలతపడినది. నన్నెవరికిత్తు వని తండ్రిని మూడుమార్లు అడిగెను. తండ్రి విసిగి, నిన్ను మృత్యువున కిచ్చితి ననెను. పనితొందరలో నున్న పెద్దలు విసుగుతో ననెడి మాట యెంత దూరము పోవునో చూడుడు! ఆ బాలుడు యముని యింటికే పోయి, చచ్చినవా రుందురా, లేరా యని యడిగెను. యముడు మొదట జవాబు చెప్పలేదు. గోవుల నిత్తును, ఏనుగుల నిత్తును, బంగార మిత్తును, ఈ యొక్కటి మాత్ర మడుగకు మనెను. మనము చేతికిచ్చెడి బిస్కత్తు ఆ యేనుగుల కోవలోనిదే. నచికేతు డవి తీసికొనలేదు. చివరకు యముడే మెచ్చి, ఇట్లడుగువారు దొరకుట యరుదని సమాధానము చెప్పెను.

జనకుని సభలో గార్గి యాజ్ఞవల్క్యుని ప్రశ్నపై ప్రశ్న అడిగినప్పుడు, మితిమీరి యడిగిన తల పడిపోవునని యా మహర్షి హెచ్చరించెను. మన "కళ్ళు పోతాయి" అన్న మాటకు వంశము చాల ప్రాచీనమైనదే! గార్గి యప్పటికి కూర్చున్నది కాని, తరువాత మరల లేచి రెండు ప్రశ్న లడిగి, జవాబులు రాబట్టి గాని విడువలేదు. మన బిడ్డలును అట్లే. నేడు నోరు మూయించిన ప్రశ్న రేపు మఱియొకరి యొద్దకు పోవును. ఆ మఱియొకరు బడిలోని నేస్తము కావచ్చును, ఫోనులోని యేదో వీడియో కావచ్చును. మన యొద్దకే మరల వచ్చునట్లు చేసికొనుట మంచిది.

కనబడని దేవుడు

"దేవుణ్ణి ఎవరు చేశారు?" అన్నదానికి మూడు తరగతులలో జవా బిట్లుండును. "ఎవరూ చేయలేదు, ఎప్పుడూ ఉన్నాడు అని మన ఇంట్లో నమ్ముతాం. ఎలా ఉన్నాడో నాకూ తెలియదు తల్లీ. మన పెద్దవాళ్ళు కూడా చాలాకాలం ఆలోచించారు. నీకేమనిపిస్తోంది?" ఈ చివరిమాట మఱువరాదు. చాలమాఱులు పిల్ల యొక జవాబును ముందే మనసున పెట్టుకొని యుండును. అది వినిన పిమ్మట మన మెంత చెప్పవలెనో, ఎక్కడ నాపవలెనో తెలియును. నాలుగేండ్ల బిడ్డకు రెండు వాక్యములు చాలును. ఉపన్యాసము వలదు.

"దేవుడు కనబడడేం?" అని యడిగిన పిల్లను వంటయింటికి తీసికొని పొండు. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు తన కుమారుడు శ్వేతకేతునిచే నీటిలో ఉప్పు వేయించి, మఱునాడు ఆ నీటిని పైభాగమున, నడుమ, అడుగున రుచి చూడుమనెను. ఉప్పు కనబడలేదు కాని, యంతటను ఉన్నది. శ్వేతకేతున కప్పటికి ఇరువది నాలుగేండ్లు దాటినవి. మన పాపకు నాలుగే. ఐనను గ్లాసెడు నీరును, చిటికెడు ఉప్పును ఇద్దఱకు నొక్కటియే పాఠము చెప్పును. కాని యొక జాగ్రత్త. ఇది దేవు డున్నాడనుటకు ఋజువని చెప్పరాదు. "కనబడనివి కూడా ఉండవచ్చు, దేవుడు ఇలా ఉంటాడని మనం నమ్ముతాం" అని మాత్రమే చెప్పవలెను. ఋజువని చెప్పినచో, "రుచి చూస్తే ఉప్పు తెలిసింది, దేవుణ్ణి ఎలా రుచి చూడాలి?" అని యా పిల్లయే మనలను నిలదీయును. అడిగినచో సంతోషింపుడు.

నైవేద్యము చూచి "దేవుడు తినలేదుగా, పులిహోర అంతా అలాగే ఉంది" అను పిల్ల లెందఱో! రాత్రి వచ్చి తినునని కథ లల్ల నక్కఱలేదు. "ఇంటికి వచ్చిన చుట్టానికి ముందు పెట్టి తరువాత మనం తింటాం కదా? అలాగే ముందు దేవుడి ముందు పెట్టి, తరువాత అందరం పంచుకుంటాం" అన్నచో చాలును. ఇది నిజము. పిల్ల దీనిని జీవితాంతము మార్చుకొననక్కఱలేదు.

దేవుడు పోలీసు కాడు

అన్నము తినకున్న దేవుడు చూచుచున్నాడనియు, అబద్ధమాడిన శిక్షించుననియు పిల్లలను భయపెట్టుట మన యిండ్లలో పరిపాటి. అప్పటికి పని జరుగును, నిజమే. కాని యా పిల్లకు రేపు జ్వరము వచ్చినప్పుడు, తాను నిన్న చేసిన యల్లరికి దేవుడు వేసిన శిక్షయే యని మంచముమీద పడుకొని తలచును. తమ్మునితో పోట్లాడి, వాడు పడి దెబ్బ తగిలించుకొన్న, తన కోపమువలననే యని లోలోన కుములును. ఇట్టివి పిల్లలు పైకి చెప్పరు. కావున దేవుని మన యింటి కూరాకు పనులకు పోలీసుగా నియమింపకుండుట మేలు. తప్పు చేసిన, తప్పని మనమే చెప్పవలెను. దండింపవలసినచో మన పేరిటనే దండింపవలెను.

కథలలోని భయము వేఱు. ఏటేట వినాయకచవితినాడు కథ చదువుదుము. తండ్రి బిడ్డ తల నఱికెనని పెద్దలకు విని విని యలవాటైనది. ఐదేండ్ల పిల్లవాని కది క్రొత్తవార్త. "శివుడు ఎందుకు నరికాడు?" అని వాడడుగును. వాని మనసులోని ప్రశ్న మఱియొకటి కావచ్చును: కోపము వచ్చినచో మా నాన్నయు నిట్లే చేయునా? ముందా ప్రశ్నకు జవాబు చెప్పుడు. "నాన్న నీకెప్పుడూ అలా చేయడు. కోపమొచ్చినా చేయడు." పురాణార్థము తరువాత. "ఇది నిజంగా జరిగిందా?" అన్నచో, "నేను చూడలేదు నాయనా. ఇది చాలా పాతకథ. నానమ్మ జరిగిందనే నమ్ముతుంది. కోపంలో ఏమీ చేయకూడదని ఈ కథలో నాకు తోస్తుంది" అనుటలో అబద్ధము లేదు, అగౌరవమును లేదు.

ఆ రాత్రియే చంద్రుని చూచితినని యేడ్చెడి పిల్ల లుందురు. నీలాపనింద వచ్చునని వారి భయము. కథలోనే మందున్నది. శ్రీకృష్ణునిపై శమంతకమణి దొంగిలించెనను నింద పడగా, ఆయన మూల కూర్చుండి భయపడలేదు. అడవికి పోయి, జాడలు పట్టి, జాంబవంతుని గుహదాక వెదకి, నిజమేమో కనుగొని వచ్చెను. "నీమీద ఎవరైనా లేనిపోనిది చెబితే మనమూ వెళ్ళి నిజం కనుక్కుందాం" అని చెప్పి తలపై అక్షతలు వేసిన, పిల్ల హాయిగా నిద్రించును.

"నేను దండం పెట్టుకున్నాను, అయినా కుక్కపిల్ల చచ్చిపోయింది" అన్న మాటకు మాత్రము పిల్ల మొక్కులో లోపమున్నదని యెన్నడును అనరాదు. "నువ్వు సరిగానే అడిగావు. అడిగినవన్నీ జరగవు. ఎందుకో నాకూ తెలియదు. నాకూ దిగులుగా ఉంది" అని దగ్గఱకు తీసికొనుడు. ఈ సందర్భమున తత్త్వముకంటె ఒడి మిన్న.

తాతయ్య యెక్కడికి పోయెను?

ఇంటిలో నొకరు కన్ను మూసినప్పుడు మన మాడెడి అబద్ధము లన్నింటికంటె ఎక్కువ కీడు చేయును. "తాతయ్య నిద్రపోతున్నాడు" అన్నచో పిల్ల తాను నిద్రించుటకు జంకును. "ఊరికి వెళ్ళాడు" అన్నచో తలుపు చప్పుడైన ప్రతిసారియు ఎదురు చూచును. "దేవుడు తీసుకుపోయాడు" అన్నచో అమ్మను గూడ తీసికొనిపోవునేమోయని దేవునికే భయపడును. ఐదేండ్లలోపు పిల్లలకు చావనగా మరలిరాని దని సాధారణముగా బోధపడదు; ఐదు మొదలు ఏడేండ్ల నడుమ పలువురకు తెలియవచ్చునని పిల్లల మనస్సును పరిశీలించినవారు చెప్పుచున్నారు. కనుక అదే ప్రశ్న పదిమార్లు అడిగినను విసుగుకొనక అదే జవాబు చెప్పవలెను.

ఇందును మూడు తరగతులే. తెలిసినది: "తాతయ్య శరీరం పనిచేయడం ఆగిపోయింది. ఇంక ఆకలి లేదు, నొప్పి లేదు. తిరిగి రాడు." నమ్మునది: "ఆయన ప్రాణం దేవుణ్ణి చేరిందని మన ఇంట్లో నమ్ముతాం." తెలియనిది: "అక్కడ ఎలా ఉంటుందో ఎవరూ చూసి వచ్చి చెప్పలేదు." తద్దినమునాడు పిండము పెట్టి కాకిని పిలుచుట చూచి, "తాతయ్య కాకి అయ్యాడా?" అని పిల్ల యడిగిన, నవ్వకుడు. "కాకి తింటే తాతయ్యకు అందుతుందని పెద్దల నమ్మకం. ఈ రోజు తాతయ్యను అందరం తలుచుకుంటాం. ఆయనకు ఏమిష్టమో నీకు గుర్తుందా?" అని యడుగుడు. ఆ బిడ్డ చెప్పెడి సంగతులకు మించిన శ్రాద్ధకర్మ మేమున్నది?

పొరుగింటి దేవుడు

మన తెలుగునాట ఏ బిడ్డయు నొక్క మతమునే చూచి పెరుగదు. పీర్లపండుగనాడు పల్లెలలో అన్ని యిండ్లవారును పీర్లయెదుట నిలుతురు. నెల్లూరి బారాషహీద్ దర్గాయొద్ద రొట్టెల పండుగకు అన్ని మతములవారును వచ్చి చెఱువులో రొట్టెలు మార్చుకొందురు. ఉగాదినాడు దేవుని కడపలో ముస్లిములు వేంకటేశ్వరుని దర్శించుట అనాదిగా వచ్చుచున్న యాచారము. 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదకు చర్చికిని, విజయవాడలోని గుణదల కొండకును క్రైస్తవులేగాక యితరులును పోవుచుందురు. పెద్దల కాళ్ళకు తెలిసిన యీ దారి పిల్లల నోటికి ప్రశ్నగా వచ్చును: "వాళ్ళ దేవుడు వేరా? ఎవరి దేవుడు గొప్ప?"

"అందరి దేవుడూ ఒక్కడే" అని మనలో పెక్కురు చెప్పుదురు. అది మంచిమాటయే, కాని యది మన నమ్మకము. పొరుగింటివా రట్లే యనుకొందురని మనము వారి పక్షమున చెప్పరాదు. పరమత గౌరవ మనగా వారిని మనవలె చేసికొనుట కాదు. వారు తమ్మునుగూర్చి చెప్పుకొను మాటను చెడగొట్టక చెప్పుట. "మసీదులో బొమ్మ ఎందుకు లేదు?" అన్నచో, "దేవుడు ఒక్కడే, ఆయనకు రూపం లేదని ముస్లిములు నమ్ముతారు. అందుకని బొమ్మ పెట్టరు" అని చెప్పవలెను. సిలువను చూచి "దేవుడికి మేకులు ఎందుకు కొట్టారు?" అని పిల్ల దిగులు పడినచో, "ఏసు దేవుడి కుమారుడనీ, అందరి పాపాల కోసం ప్రాణమిచ్చాడనీ, మళ్ళీ లేచాడనీ క్రైస్తవులు నమ్ముతారు" అని చెప్పవలెను. అంతకు మించి తెలియకున్న, ఆ యింటి తల్లినే అడిగి రమ్మని పంపుడు. పిల్ల జవాబుతో వచ్చును. ఆ తల్లికిని మనయందు ఆదరము కలుగును.

మా పాఠకురాండ్రలో ముస్లిము సోదరీమణులును, క్రైస్తవ సోదరీమణులును గలరు. "మనం ప్రసాదం ఎందుకు తినం?" అనియు, "మన ఇంట్లో దీపావళి ఎందుకు చేయం?" అనియు వారి పిల్ల లడుగుదురు. "వారిది తప్పు" అనుట సులభము. "మనకు ఇలా ఆజ్ఞ ఉందని నమ్ముతాం, అందుకని తినం. వాళ్ళు ప్రేమతో ఇచ్చారు కనుక మంచిమాట చెప్పి తీసుకోకుండా రావాలి" అనుట కొంచెము కష్టము. ఆ కష్టము వలననే రేపు బడిలో ఇద్దఱు బిడ్డలు ఒకే బెంచీమీద కూర్చుండగలుగుదురు.

ఏ దేవుని కొలువని యిండ్లును మన దేశమున గలవు. గోరాయు, ఆయన భార్య సరస్వతియు 1940లో కృష్ణాజిల్లా ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించిరి. అది 1947లో విజయవాడకు మాఱినది. అట్టి యింటి నేస్తమునొద్దనుండి "దేవుడు లేడట!" అని పిల్ల వచ్చిన, ఇల్లు కూలినట్లు చేయరాదు. "లేడని వాళ్ళు అనుకుంటారు. ఉన్నాడని మనం నమ్ముతాం. వాళ్ళూ మంచివాళ్ళే, మనతో ఆడుకునేవాళ్ళే" అన్నచో చాలును. ఆ యింటి తల్లియు తన బిడ్డకు మనలనుగూర్చి యిట్లే చెప్పవలెనని కోరుదుము.

మనలను దిద్దెడి ప్రశ్నలు

పై ప్రశ్నలకు జవాబు చెప్పుటలో కొంచెము నేర్పున్న చాలును. కొన్నింటికి నేర్పు చాలదు. "అమ్మా, ఈ మూడు రోజులు నువ్వెందుకు దీపం పెట్టవు?" అని యాడపిల్ల యడుగును. "కాకి ముట్టింది" అని మన తల్లులు చెప్పిరి. మనలో పెక్కురము కాకిని చూచి భయపడుచు పెరిగితిమి. ఎనిమిది తొమ్మిదేండ్ల పిల్లకు శరీరధర్మమును ఉన్నదున్నట్లు మెల్లగా చెప్పుటయే మంచిది. "ఇది పెద్దయ్యాక ఆడవాళ్ళందరికీ వస్తుంది. జబ్బు కాదు, తప్పు కాదు. ఈ రోజుల్లో దీపం పెట్టకపోవడం మన ఇంటి ఆచారం. పెట్టే ఇళ్ళూ ఉన్నాయి." ఆచారమును పాటించుటయు, మానుటయు మీ యిష్టము. కాని అది ఆచారమని చెప్పక మైల యని చెప్పినచో, ఆ బిడ్డ తన శరీరమునే యసహ్యించుకొనును.

ఇంతకంటె కఠినమైనది మఱియొకటి గలదు. పనిచేయు నామెకు వేఱుగా గ్లాసు పెట్టుట చూచియో, దేవుని గదిలోనికి రానీయకుండుట చూచియో, "ఆమె ఎందుకు రాకూడదు? దేవుడు ఆమెను చేయలేదా?" అని పిల్ల యడుగును. మద్రాసు రాష్ట్రమున ఆలయప్రవేశ శాసనము 1947లో వచ్చినది. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణమున అంటరానితనమును రద్దు చేసినది. ఆలయపు తలుపులు తెఱచి ఇన్ని దశాబ్దములైనను కొన్ని యిండ్లలోని తలుపులు తెఱవబడలేదు. ఈ ప్రశ్నకు చెప్పదగిన జవాబు మేము వ్రాయజాలము. ఆ గ్లాసు మార్చుటయే జవాబు. మనము పది పూజలలో నేర్పలేని ధర్మమును బిడ్డ ఒక్క ప్రశ్నతో మనకు నేర్పినపుడు, సిగ్గుపడక నేర్చుకొనుట తల్లికి చిన్నతనము కాదు.

పెద్దలలో పెద్దలకు

ఒకే యింట అత్తగా రొకటి, భర్త యొకటి, మన మొకటి నమ్ముచుండుట నేడు సామాన్యమైనది. నానమ్మ తులసికి ప్రదక్షిణము చేయుచుండగా తండ్రి "అదంతా వట్టిది" అనుటయు, తండ్రి వెళ్ళగానే నానమ్మ "మీ నాన్నకేం తెలుసు" అనుటయు బిడ్డను రెండు ముక్కలుగా చేయును. బిడ్డ కప్పుడు దేవునిగూర్చిన సందేహము కాదు, ఎవరి పక్షము చేరవలెనన్న బెంగ. "నానమ్మ ఇలా నమ్ముతుంది, నాన్న అలా అనుకుంటాడు. ఇద్దరూ నిన్ను ప్రేమించేవాళ్ళే. నువ్వు పెద్దయ్యాక ఆలోచించుకోవచ్చు" అని యిద్దఱి యెదుటను చెప్పగల గృహిణి యా యింటికి దీపము. అత్తగారి కథలను వలదనకుడు. కథలు వినని బాల్యము చప్పనిది. భయపెట్టు మాటలను మాత్రము "అత్తయ్యగారూ, అది విని రాత్రుళ్ళు ఉలిక్కిపడుతోందండీ" అని చాటుగా మనవి చేయుడు. మనుమరాలి నిద్రకంటె మాట నెగ్గించుకొనుట ముఖ్యమని యే నానమ్మయు అనుకొనదు.

ఈ పని బడి చేయునని తలంపరాదు. రాజ్యాంగమందలి 28వ అధికరణము ప్రకారము పూర్తిగా ప్రభుత్వధనముతో నడచు పాఠశాలలలో మతబోధ కూడదు. ప్రభుత్వ సహాయమో గుర్తింపో గల తక్కిన బడులలోనైనను తల్లిదండ్రుల సమ్మతి లేక పసివారిని మతబోధకు కూర్చుండబెట్టరాదు. అనగా ఈ విషయమును చట్టమే యింటికి విడిచినది. ఐక్యరాజ్యసమితి 1989లో చేసిన బాలల హక్కుల ఒడంబడికను మనదేశము 1992లో అంగీకరించినది. దాని 14వ అధికరణము బిడ్డకును తన యంతరాత్మ, తన మతము అను స్వాతంత్ర్యము గలదని చెప్పి, బిడ్డ ఎదుగుదలకు తగినట్లు దారి చూపుట తల్లిదండ్రుల హక్కు, బాధ్యత యని చెప్పుచున్నది. దారి చూపుట యన్నారే గాని, కట్టి యీడ్చుట యనలేదు. కట్టి యీడ్చిన ఫలితమేమో ప్రహ్లాదుని తండ్రి కథలో మనమందఱమును వినియే యున్నాము. భక్తుని చేయుట కైనను, భక్తి మాన్పుట కైనను బలవంతము పనికిరాదు.

చివరకు సోదరీమణులకు మేము చేయు విన్నప మిది. పొయ్యిమీద కూర యుండి జవాబు చెప్ప వీలులేనప్పుడు, "మంచి ప్రశ్న అడిగావు, అన్నం తిన్నాక చెప్పుకుందాం" అని, మాట తప్పక ఆ రాత్రియే చెప్పుడు. పిల్ల మఱచినను మీరు మఱువకుడు. తెలియనిచో తెలియదనుడు. నమ్ముచున్నచో నమ్ముచున్నా ననుడు. మీ బిడ్డ పెద్దదై మీ నమ్మకమునే నిలుపుకొనవచ్చును, మార్చుకొనవచ్చును. అది దాని చేతిలోనిది. ఏ దారిన పోయినను, సంకటము వచ్చినవేళ "అమ్మ నడుగుదాం, అమ్మ నిజం చెబుతుంది" అని మీ గుమ్మమెక్కి వచ్చినచో, మీ పెంపకము సార్థకమైనట్లే.